బాలన్న తేల్చని పిట్ట

గల్ఫ్‌లో, తుబ్లీ కూలీల క్యాంపులో బాలన్నకు ఉన్న పిచ్చి ఒక్కటే. సముద్రపు ఒడ్డున మడచెట్లలో దాక్కుని కిచకిచలాడే, ఆఫ్రికా నుంచి వచ్చిందనే బుల్లి పిట్ట ఏ జాతిదో తేల్చాలి. ఏళ్లుగా తేలుస్తూనే ఉన్నాడు. పరంజా మీద నిలబడి గోడ కడుతున్నా చెవి అటే. ఫోర్‌మన్ "యల్లా, పని కానీ!" అని అరిస్తే, "జర ఆగు భాయ్, అది మాట్లాడుతున్నది," అనేవాడు.

"ఏవందండీ?" అని అడిగేవాడు గదిలో కుర్రాడు, కోనసీమ కన్నబాబు.

"ఇంకా గుర్తువట్టలె."

కన్నబాబు లెక్కలో అది పిట్ట కాదు, పుకారు. మట్టిరంగట, బొటనవేలంతట, మనిషి ఇటు వస్తే కొమ్మల్లోంచి అటు జారుకుంటుందట. "ఓవర్‌టైం అడిగితే మన సూపర్‌వైజర్ మణికుమార్ సారూ అంతేనండీ!" అనేవాడు.

ఆ వారం మాత్రం అతనికి హాస్యం రాలేదు. చేపల పులుసులో బెల్లం వేశాడు. అదే గదిలో ఉండే మంచిర్యాల మల్లేష్ నోట్లో పెట్టుకుని, "గిది కూరనా, పాయసమా?" అన్నాడు. మాటా మాటా పెరిగి ఒక వంట రెండు పొయ్యిలయింది. తర్వాత మాటలే పోయాయి. శనివారం మల్లేష్ సామాన్ వేరే గదికి వెళ్లిపోతోంది. ఎదుటి మంచం ఖాళీ అవుతుందంటే కన్నబాబుకు ముద్ద దిగడం లేదు. ఉండిపొమ్మని అడగడానికి నోరూ రావడం లేదు.

శుక్రవారం పొద్దున్నే బాలన్న ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకున్నాడు. "పిట్ట మొకం ఒక దిక్కుకెల్లి, కాళ్లు ఇంకో దిక్కుకెల్లి కనవడ్తయి. ఆ పిట్ట ఒక్కనికి దొరకది. నడువుండ్రి."

మడచెట్లకు అవతల మల్లేష్‌ను, ఇవతల కన్నబాబును నిలబెట్టాడు. చాలాసేపు వట్టి కిచకిచ. అవతల మల్లేష్ దగ్గాడు. దగ్గినప్పుడల్లా వేడినీళ్లు కాచి ఇచ్చింది తనే. కొత్త గదిలో ఎవరిస్తారు? కన్నబాబు ఆ ఆలోచనలో ఉండగానే ఆకు కదిలింది.

"నీ దిక్కే వస్తున్నదిరో! కంటిమీద గీత సూడు!"

"ఉందిరా, తెల్లగా! కాళ్లు చూడు, కాళ్లు!"

"నల్లగ... కాదు, బూడిదరంగు!"

"సరిగ్గా చూసి ఏడవరా!"

"బెల్లం తిన్న కండ్లు నీయి, నువ్వు నాకు జెప్తవా?"

నవ్వు ఎవరికి ముందొచ్చిందో తెలియదు. పిట్ట మాత్రం తుర్రుమంది.

"ఇయ్యాల ఒక్కటే పొయ్యి ముట్టిద్దాం," అన్నాడు మల్లేష్ బురదలోంచి వస్తూ. "బెల్లం డబ్బా నా పెట్టెల ఉంటది."

"ఆ పెట్టె మన గదిలోనే ఉంటే సరే," అన్నాడు కన్నబాబు.

బాలన్న చెట్లకు వీపు పెట్టి రాయిమీద కూర్చుని ఉన్నాడు. కన్నబాబు ఆయన దగ్గరకు పరుగెత్తాడు. "తెల్లగీత, బూడిద కాళ్లండీ! ఏం పిట్టండీ?"

"తెల్లగీత, బూడిద కాళ్లు, గుండ్రటి తోక..." బాలన్న గడ్డం గోక్కున్నాడు. "ఊహూఁ. తేలలె."

"తోక మేం చూడనేలేదు కదండీ?"

బాలన్న లేచి లుంగీ దులుపుకున్నాడు.

"పక్క రూంల అబ్బులు, వెంకటరాజు మాట్లాడుకుంటలేరట గదా," అన్నాడు. "వాళ్ల కండ్లు ఎట్లుంటయో?"