విమానానికి ఆముదం

బాబాయి పెద్దకర్మ అయ్యాక అటక మీది విమానాన్ని దించాను. పాత ఆముదం కంపుకు ముక్కు మూసుకున్నాను.

పిడుగురాళ్లలో లారీ మెకానిక్‌గా పనిచేస్తూనే, బాబాయి ఆ రిమోట్ విమానాన్ని పాత కిట్టులోని విడిభాగాలతో కట్టుకున్నాడు. తేలిక చెక్క ముక్కలు అతికించి, పైన పల్చని పట్టుగుడ్డ బిగించాడు. చిన్నప్పుడు ఒకరోజు అతను దాని ఇంధనంలో ఆముదం కలపడం చూశాను. కడుపు శుభ్రానికని నాయనమ్మ ముక్కు మూసి నాకు పట్టించేదీ ఆముదమే. విమానానికీ కడుపు బాగాలేదనుకున్నాను.

సున్నపు బట్టీల వెనక బీడులో అది తలకిందులుగా ఎగిరి, పల్టీలు కొట్టి దిగింది. పొట్ట కింద గోధుమరంగు జిడ్డు కారుతోంది. దానికి సున్నపు దుమ్ము అంటుకుంది.

"ఛీ! బాబాయ్, దీనికి విరేచనాలు!"

"ఓసి పిచ్చిదానా, అట్టా కక్కితేనే ఇంజను బతికేది," అని నవ్వుతూ, జిడ్డు తుడిచిన తువ్వాలుతోనే నా మొహం తుడిచాడు. నేను అక్కడే వాంతి చేసుకున్నాను.

ఆ నూనె లేకపోతే ఇంజను అరిగిపోతుందని ఇప్పుడు తెలుసు. తెలిసినా అసహ్యం తగ్గలేదు.

"ఈ కంపు మనకెందుకే, పాత సామానోడికి ఏసేద్దాం," అంది పిన్ని.

"ఉండు పిన్నీ, నేను తుడుస్తాను," అన్నాను.