ఈరన్న అర్జీ రాసింది నేనే

నాలుగేళ్లుగా దాచిన మాట ఇది. దాచడం కష్టమేమీ కాలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. మోయడమే కష్టమైంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే ముందు మీకు చెబుతున్నాను. ఇదివరకు చెప్పబోయి ఆగిపోయాను, ఈసారి మధ్యలో ఆపను.

డిగ్రీ చివరి ఏడు. ఇంటర్న్‌షిప్‌ క్రెడిట్లు లేకపోతే డిగ్రీ చేతికి రాదు. చోటు ఎవరికి వారే వెతుక్కోవాలి. మాది బళ్లారి పక్క సిరిగేరి, వరిమడి ఉంది, రెండు లారీలున్నాయి. నా స్నేహితుడు ఈరన్నది మోక. వాళ్లమ్మానాన్నలు కూలికి పోతారు. ఇద్దరం కలిసి ఒక భూసార పరీక్ష కేంద్రానికి వెళ్లాం. ఈరన్న ఇంటర్ దాకా ఆంధ్రా వైపు మేనత్త ఇంట్లో ఉండి చదివాడు. కన్నడ అరకొరగా మాట్లాడతాడు, రాయలేడు, చదవడమూ అంతంతే. అందుకని లోపలికి నేనే వెళ్లి కనుక్కున్నాను. ఉన్నది ఒక్కటే చోటు, రోజూ వచ్చేవాడే కావాలి అన్నారు. ఆ సంగతి మింగేసి, ఇద్దరం అర్జీ పెడదామని మాత్రం బయటికొచ్చి చెప్పాను.

అర్జీలు రెండూ కన్నడలో నేనే రాశాను. అతని మార్కులు నాకంటే ఎక్కువ. అతని అర్జీ చివర, బస్సు ఇబ్బంది వల్ల వారానికి మూడు రోజులే రాగలనని ఒక వాక్యం చేర్చాను. మోకకు బస్సులకేం కరువు?

కాగితం ఇస్తే, రెండు మాటలు కూడబలుక్కుని నవ్వేశాడు.

"నువ్వు రాసినాక నేను చూసేదేముండాదప్పా! యాడ సైన్ చేయల్ల?"

"ఈడ," అన్నాను. వేలు పెట్టి మరీ చూపించాను.

చోటు నాకే వచ్చింది. అతనికి ఇంకెక్కడా దొరకలేదు. గడువు దాటింది, డిగ్రీ ఆగింది, ఫ్యాక్టరీ ల్యాబులో ఇస్తామన్న ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు బళ్లారిలో జీన్స్ కుడుతున్నాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు.

నాకంత అవసరమా? మా నాన్న ఒక్క మాటంటే తారానగర్ వైపు తెలిసినవాళ్ల దగ్గర ఏదో ఒక చోటు దొరికేది. మరెందుకు చేశాను? ఎండలో ఇంకో చోటు కోసం తిరగాలంటే బద్ధకం, ఈరన్న నాకంటే ముందుంటాడన్న కంటగింపు, అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని, దాని వెనక దాక్కోవచ్చునని, ఇన్నాళ్లూ వెతికాను. దొరకలేదు.

పోయిన వారం ఈరన్న ఫోన్ చేశాడు. చెల్లెలికి ఇంటర్న్‌షిప్ అర్జీ కావాలట, నేనే రాయాలట. తేలు కుట్టిన దొంగలా సరేనన్నాను. ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

రేపు ఆదివారం, అతనికి సెలవు. మోకకు వెళ్తున్నాను. తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ. క్షమించమని అడగను, అడిగితే అదొక పని మళ్లీ అతని నెత్తినే పెట్టినట్టు. చెల్లెలి అర్జీ ఎవరితో రాయించుకోవాలో ఆ తర్వాత అతని ఇష్టం.

చెప్పబోయే మాట ఇదీ: "ఈరన్నా, మూడు దినాలే వస్తానని నీ అర్జీలో రాసింది నేనప్పా. తెలిసే రాస్తి."

ఇప్పుడే గదిలో ఒక్కణ్ణే పైకి అని చూశాను. మాట మొత్తం బయటికొచ్చింది.