గంటలో వచ్చే విమానం

మ్యాప్‌లో ఆ రెండు ఊళ్ళూ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి నార్తర్న్ టెరిటరీ చివర, నేను కొత్తగా డాక్టరుగా చేరిన ఊరు. రెండోది సరిహద్దుకి అవతల, వెస్టర్న్ ఆస్ట్రేలియాలో, మా ఆయన బోర్లు వేయించడానికి మొదటిసారి మూడు రోజుల పని మీద వెళ్ళిన ఊరు. రోడ్డు మీద అయితే చుట్టూ తిరిగి రోజున్నర, వానలు మొదలైతే అదీ లేదు. ఆరు సీట్ల చిన్న విమానంలో గంట. సిడ్నీలో మేమున్న స్కోఫీల్డ్స్ నుంచి ఆఫీసుకెళ్ళడానికే అంతకంటే ఎక్కువ పట్టేదని ఆయన తెగ సంబరపడ్డారు.

తిరిగొచ్చే రోజు పొద్దున్నే మెసేజ్ పెట్టారు. "రెండింటికి ఫ్లైట్. వన్ అవర్‌లో నీ దగ్గరుంటా."

మూడింటికల్లా ఎయిర్‌స్ట్రిప్‌కి వెళ్ళాను. ఎర్రమట్టి మధ్య ఓ తారు బాట, పక్కన రేకుల షెడ్డు, అంతే. ఫోన్‌కి సిగ్నల్ లేదు. మూడున్నరకి పడమటి ఆకాశం నల్లబడింది. ఆయన రావలసింది అటునుంచే. గంటే కదా అని ఎందుకు ఊరుకున్నానా అని నన్ను నేను తిట్టుకున్నాను. నాలుగయ్యేసరికి, రోజూ పదిమందికి ధైర్యం చెప్పేదాన్ని, షెడ్డు స్తంభం పట్టుకుని వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంటున్నాను.

అప్పుడొచ్చింది ఊరి పెద్దావిడ ఒకామె, తీరిగ్గా, టీ ఫ్లాస్కుతో. అదే విమానంలో ఆమె చెల్లెలు వస్తోందట. రెండింటికి బయల్దేరిన విమానం ఇంకా రాలేదని ఏడుపు గొంతుతో చెప్పాను. ఆమె పకపకా నవ్వింది. వాళ్ళ రెండంటే మన మూడున్నర అంది. సరిహద్దు దాటితే గడియారం గంటన్నర వెనక్కి.

ఎక్కడో పడమటి ఒడ్డున ఉన్న పెర్త్‌లో టైమ్ వేరని నాకు తెలుసు. పక్క ఊళ్ళోనూ వేరని తట్టనే లేదు. కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా ఒకటే టైముతో పెరిగిన బుర్ర మరి. అక్కడే చతికిలబడి ఆవిడిచ్చిన టీ తాగాను. మామూలుగా అంత తియ్యటి టీ నోట పెట్టను. ఆ రోజు రెండు కప్పులు తాగాను.

నాలుగున్నరకి మబ్బుల పక్కనుంచి విమానం దిగింది. నవ్వుకుంటూ వస్తున్న మనిషిని చూడగానే ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు కోపమూ వచ్చింది.

"అక్కడి టైమని ఒక్క ముక్క రాస్తే వేళ్ళరిగిపోతాయా మీకు?"

"ఏమైందే? వన్ అవర్ అన్నా, ఎగ్జాక్ట్‌గా వన్ అవర్‌కి దిగా. లేటేం కాలేదే!" అన్నారు. తర్వాత నా మొహం పరీక్షగా చూసి, "ఏంటి, కళ్ళు అలా ఉన్నాయి?" అని అడిగారు.

"దుమ్ము" అన్నాను.

కారెక్కాక ఇంటిదాకా తిట్టాను. తిట్టడానికి మనిషి పక్కన కూర్చుని ఉన్నాడన్న సంతోషం కొద్దీ ఇంకాస్త తిట్టాను. ఆ షెడ్డులో నిలబడి, అత్తయ్యగారికి ఫోన్ చేస్తే ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నానని మాత్రం ఇప్పటికీ ఆయనకి చెప్పలేదు.