జసులి గిల్లిన భంగు మొక్కలు

మా కుమావు కొండల్లో ఆడవాళ్ళకి కోపమొస్తే "నీ ఇంట్లో భంగు మొలవ!" అని తిడతారు. మనుషులు లేని కొంపల్లోనే కదా ఆ గంజాయి మొక్క దానంతటది మొలిచేది. ఆ తిట్టుని మా ఊరి జసులి కూరలో ఉప్పులా వాడేది. నాకూ తగిలింది, మా మేకకూ తగిలింది.

అలాంటి జసులికి తన చేలో భంగు అంటే మాత్రం ప్రాణం. మొక్క మోకాలెత్తు రాగానే తలచిగురు గిల్లేస్తుంది. పక్కకొమ్మలు లేచాక పాత గుడ్డపీలికలు కట్టి కిందికి వంచుతుంది. నిటారుగా పెరిగితే నారకి మంచిదట. వంచితే గుబురుగా పరుచుకుని గింజ విరగకాస్తుందట. ఆ గింజ మాకు చట్నీలోకి. మత్తు సంగతి అడిగిన పట్నం కుర్రాళ్ళని ఆవిడ చీపురుతో సాగనంపింది.

ఖిముళి ఆవిడ తోడికోడలు. ఇద్దరికీ మొగుళ్ళు పోయారు, పిల్లల్లేరు. గోడకి అటొకరు, ఇటొకరు. చైత్రంలో ఏదో పేడతట్ట దగ్గర మాటామాటా పెరిగి జసులి ఆ తిట్టే తిట్టింది. జ్యేష్ఠంలో గాలివానకి ఖిముళి పశువులపాక కూలింది. శ్రావణానికల్లా ఆ మట్టిలో మోకాలెత్తు భంగు!

ఖిముళి పొయ్యి వెలిగించడం మానేసింది. "ఈ ఇల్లు పాడుబడిపోతుంది, నేనూ పోతాను" అని గుమ్మంలో కూర్చుని ఒకటే ఏడుపు. జసులి ముఖం పాలిపోయింది. తిట్టడమే తప్ప, అది తగలడం ఆవిడెప్పుడూ చూడలేదు మరి. మొక్కలన్నీ పీకేద్దామని గోడ దూకింది. వంగింది. చెయ్యి ఊరుకుంటేగా! తలచిగుళ్ళు గిల్లడం మొదలెట్టింది.

ఖిముళి చూడనే చూసింది.

"అయ్యో అయ్యో! తిట్టింది చాలక దానికి సేవలు కూడానా అక్కా?"

"పీకుదామనే వచ్చానే."

"మరి గిల్లుతావేం?"

"ఇంత బలమైన మొక్కలు! పీకబుద్ధి కాలేదు."

"నా కొంప కూలినా నీకు గింజలే కావాలి!"

అరుపులకి ఊరంతా చేరాం. పీకెయ్యమన్నవాళ్ళమే అందరమూ. జసులి కదల్లేదు.

"కార్తీకం దాకా ఆగు. గింజ రాలగానే వేళ్ళతో సహా నేనే పీకుతా."

"అప్పటిదాకా ఈ ఇంట్లో మనిషి మిగలొద్దూ?"

"ఎందుకు మిగలదు? నేనూ వచ్చి ఉంటా. ఇద్దరున్న ఇల్లు ఎలా పాడుబడుతుందో నేనూ చూస్తా!"

పరుపు చంకన పెట్టుకుని వచ్చేసింది కూడా. ఇక రోజూ ఆ ఇంట్లోంచి అరుపులే. పొయ్యి ఎవరు ఊదాలి, రొట్టె ఎవరు మాడ్చారు, గురక ఎవరిది. వింటుంటే నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. కప్పు మీంచి పొగ మాత్రం ఒక్క పూటా ఆగలేదు.

కార్తీకంలో గింజ దులిపారు. అన్నమాట ప్రకారం జసులి ఒక్క వేరు మిగల్చకుండా పీకేసి, పరుపు చుట్టుకుంది. ఖిముళి చాటలో గింజ చెరుగుతూ తలెత్తలేదు.

"ఆ మూలవాటికి ఆలస్యంగా గిల్లావక్కా. గింజ తక్కువొచ్చింది. వచ్చే ఏడు ముందే గిల్లు."

"వచ్చే ఏడా?"

"ఆ పరుపు లోపల పడేసి రా. ముందీ పొట్టు ఎత్తాలి."