గొంతు, నోరు, ఆఖర్న కొండ

మా అత్తయ్య పోయిన కబురు ఆవిడ పనిచేసిన టెలిఫోన్ ఎక్స్ఛేంజి మీదుగానే నాకు చేరింది. హాస్టల్లో వార్డెన్ గదికి పరిగెత్తి రిసీవరు అందుకుంటే, నాన్న గొంతుకన్నా ముందు ఆపరేటరు గొంతు వినిపించింది. "అమ్మాయ్, నేను మీ అత్తయ్య పక్క సీటు దాన్నమ్మా. నాన్నగారికి లైను ఇస్తున్నాను, మాట్లాడు. ధైర్యంగా ఉండు తల్లీ." ఇంక నాన్న చెప్పాల్సిందేమీ మిగల్లేదు. కామెర్లని ఆసుపత్రిలో చేరిన మనిషి మళ్లీ పటమటలోని తన ఇంటికి రాలేదు.

ఆవిణ్ణి మీలో చాలామంది చూసే ఉంటారు. శ్రీరామనవమి పందిళ్లలో, కాలేజీ వార్షికోత్సవాల్లో, బెజవాడ చుట్టుపక్కల ఎక్కడ లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా పెట్టినా, స్టేజీకి ఓ పక్కన నేత చీర కొంగు నడుముకు బిగించి ఎలక్ట్రిక్ గిటారు వాయించే పొడుగాటి మనిషి. చూసి ఉంటారు గానీ, విని ఉండరు. విననివ్వలేదు. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. ఈసారికి నన్ను క్షమించండి.

ఆర్కెస్ట్రాకు మూడు పెట్టెలుండేవి. గిటారు నుంచి వచ్చే వైరు తీగ ఒకదాని తర్వాత ఒకటిగా వాటిలోంచి వెళ్లి చివరికి స్పీకరు చేరుతుంది. మొదటిది స్వరాన్ని గరగరలాడించే పెట్టె. గవర్నరుపేటలో రేడియోలు బాగుచేసే సాయిబుగారు అత్తయ్య పోరు పడలేక బిస్కట్ డబ్బాలో బిగించి ఇచ్చారు. రెండోది మద్రాసు నుంచి తెప్పించింది. పాదంతో ముందుకీ వెనక్కీ తొక్కుతుంటే గిటారు నోరు తెరిచి మూసినట్టు "వా, వా" అంటుంది. మూడోది ఎకో. లోపల టేపు తిరుగుతూ, వాయించిన స్వరాన్ని మళ్లీ మళ్లీ చెబుతుంది. దాన్ని ఆర్కెస్ట్రా లీడరుగారి బావమరిది సింగపూర్ నుంచి తెచ్చాడు. ఆ మాట చెప్పకుండా లీడరుగారు ఏ కార్యక్రమమూ మొదలుపెట్టినట్టు నాకు గుర్తులేదు.

ఈ మూడింటినీ ఏ వరసలో పెట్టాలన్నదే అత్తయ్య జీవితమంతా నడిచిన తగాదా.

"ఏది ముందైతే ఏంటత్తయ్యా, అన్నీ ఒకే తీగ మీదేగా?" అని ఒక ఆదివారం అడిగాను. ఆవిడ పులుసులోకి చేపముక్కలు కడుగుతోంది.

"గుణదల కొండకి ఎదురుగా నుంచుని కేకేశావనుకో. కేక ఎక్కడ పుడుతుంది?"

"గొంతులో."

"తర్వాత?"

"నోట్లోంచి వస్తుంది."

"అప్పుడు కొండ బదులు పలుకుతుంది. గొంతు, నోరు, ఆఖర్న కొండ. అలాక్కాకుండా కొండ ముందు అరిచి, ఆ అరుపంతా నీ గొంతులో దూరితే ఎలా ఉంటుందే?"

"పొలమారుతుంది."

"అదే మా లీడరుగారి ఆర్కెస్ట్రా," అని చేపల చేతుల్తోనే నవ్వింది.

తర్వాత చేతులు కడుక్కుని, ప్రాక్టీసుకని ఇంటికి తెచ్చుకున్న పెట్టెల తీగలు మార్చి వినిపించింది కూడా. ఎకోని ముందు పెడితే, అది పలికే ఒక్కో బదులునీ గరగర పెట్టె పట్టుకుని అసలు స్వరమంత లావు చేస్తుంది. ఏది కేకో, ఏది బదులో తెలియదు. చేపల మార్కెట్టులో నుంచున్నట్టే. ఎక్స్ఛేంజిలోనూ అంతేననేది. "తీగ పెట్టాల్సిన చోట పెట్టకపోతే, మైలవరంలో వాళ్ల ఏడుపు మచిలీపట్నంలో పెళ్లివారింట్లో వినపడుతుందే."

లీడరుగారికి వరస అంటే మర్యాద వరస. కంకిపాడులో పొలాలూ, ఊళ్లో పలుకుబడీ ఉన్న మనిషి. ఏది ఖరీదైనదో అది ముందుండాలి. కాబట్టి సింగపూర్ ఎకో మొదట, మద్రాసు పెట్టె తర్వాత, బిస్కట్ డబ్బా అందరికన్నా చివర.

"పెళ్లిలో వియ్యంకుణ్ణి తీసుకెళ్లి వెనక వరసలో కూర్చోబెడతామా సిస్టర్?"

"మీ వియ్యంకుడు పాడడు కదండీ లీడరుగారూ."

అందరూ నవ్వేవాళ్లు. అత్తయ్య టీ తాగి వచ్చేలోపు తీగలు మారిపోయి ఉండేవి. ఆవిడ మళ్లీ వంగి, మళ్లీ పీకి, మళ్లీ గుచ్చేది. పాట ఎత్తుకునేలోపు లీడరుగారు మళ్లీ మార్పించేవారు. ఆవిడ అలా వంగినప్పుడు ముందు వరసలో ఈలలేసినవాళ్లు నాకు గుర్తున్నారు. ఏమీ అనని పెద్దమనుషులు ఇంకా బాగా గుర్తున్నారు.

ఇది చాలదని లీడరుగారికి ఇంకో అభ్యంతరం. వాద్యాన్ని కాలితో తాకడమే సరస్వతికి అపచారం, అందులోనూ ఆడమనిషి తొక్కడమా! అత్తయ్య ఊరుకుంటుందా? "నాటకాల్లో మీరు ఇన్నేళ్లు కాళ్లతో హార్మోనీ తొక్కారు కదండీ. అది తొక్కుడు కాదా, పాదసేవా?"

ఆ మాటకు బదులు రెండేళ్ల కిందట వచ్చింది. కుర్రవాళ్లు కావాలంటున్నారనీ, విశ్రాంతి తీసుకోమనీ చెప్పి ఆవిణ్ణి తీసేశారు. నలభై కూడా నిండని మనిషికి విశ్రాంతి! కొత్త గిటారిస్టుకి పెట్టెలు అప్పజెబుతూ ఆవిడ అడిగింది ఒక్కటే. "వరస మార్చకు బాబూ."

నేను ఆ రోజు ఇంట్లో గిన్నెలు విసిరేసినంత పని చేశాను. అత్తయ్య నన్ను కూర్చోబెట్టి అంది. "కోపం గరగర పెట్టె లాంటిదే. అది ముందుండాల్సిందే, లేకపోతే పస ఉండదు. కాకపోతే దాని తర్వాత నోరు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో తెలియాలి." బీయే, ఎమ్మే ఇన్నేళ్లు చదివాను. నా కోపాన్ని అణుచుకోమనకుండా, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో చెప్పినవాళ్లు ఆవిడ తప్ప ఇంకొకరు లేరు.

సంతాప సభ లీడరుగారే పెట్టించారు. వేదిక మీద అత్తయ్య ఫోటో, దాని పక్కన బల్ల, బల్ల మీద మూడు పెట్టెలు. వాటికి బొట్లు, చామంతులు. కళ కోసం పెళ్లిని సైతం త్యాగం చేసిన మహిళామణి అన్నారు. ఆవిడ ఏమీ త్యాగం చేయలేదండీ. చేపల పులుసు త్యాగం చేయలేదు, మ్యాట్నీ త్యాగం చేయలేదు. పెళ్లి చేసుకోలేదు, అంతే. "ఆమె నాదం చిరంజీవి" అని చెప్పి, కొత్త గిటారిస్టుని వాయించమన్నారు.

ఆవిడ ఎప్పుడూ వాయించే ముక్కే. ఎకో ముందు, బిస్కట్ డబ్బా చివర. మొదలుపెట్టగానే హాలంతా ముద్దయిపోయింది. ఎక్స్ఛేంజి నుంచి వచ్చిన ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. లీడరుగారు కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు. చచ్చిపోయాక కూడానా అనిపించింది నాకు. ఈ ఒక్కసారైనా ఆవిడ ఎలా వాయించిందో ఈ హాలు వినకపోతే, ఈ ముద్దే ఆవిడ పేరున మిగిలిపోతుంది.

"ఆపండి," అన్నాను లేచి.

"కూర్చోవే," అన్నాడు నాన్న, నా చెయ్యి లాగుతూ.

"దుఃఖంలో ఉందండీ, పాపం," అన్నారు లీడరుగారు మైకులో.

"కోపంలో ఉన్నానండీ. వరస తప్పింది."

వేదికెక్కి చామంతులు పక్కకు తోసి, బిస్కట్ డబ్బానీ, మద్రాసు పెట్టెనీ నేల మీదికి దించాను. లీడరుగారు అదిరిపడ్డారు. "బొట్టు పెట్టిన వాటిని కాళ్ల దగ్గర పెడతావా అమ్మా!"

"వీటిని వాయించింది ఆవిడ కాళ్లే కదండీ!"

గిటారిస్టు నా పక్కన కూర్చుని తీగలు పీకడం మొదలుపెట్టాడు. ఏది ఎక్కడో చెప్పబోయాను.

"తెలుసండీ. గొంతు, నోరు, కొండ. నాకూ చెప్పారు."

"తెలిసి కూడానా?"

"ఆయన ప్రోగ్రాములతోనే బతుకుతున్నానండీ," అన్నాడు తలెత్తకుండా. అతన్నీ తిట్టాలనిపించింది. ఈలోపు అతను చెప్పులు విడిచి, మద్రాసు పెట్టెను కళ్లకద్దుకుని, దాని మీద పాదం మోపాడు.

వాయించాడు. స్వరం గరగరమంటూ లేచి, నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. దాని వెనకాలే విడివిడిగా, ఒకదానికన్నా ఒకటి సన్నగా, బదుళ్లు వచ్చాయి. అత్తయ్య పక్క సీటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముక్క అయిపోగానే లీడరుగారు మైకు ముందుకొచ్చి వందన సమర్పణకు నోరు తెరిచారు. ఎకో ఆఖరి స్వరాన్ని మళ్లీ పలికింది. ఆయన ఆగారు. అది తగ్గిందనుకుని మళ్లీ తెరిచారు. ఇంకోసారి పలికింది. మైకు కడ్డీ పట్టుకుని, ఎటు చూడాలో తెలియక, ఆయన అలా నిలబడిపోయారు. ఆ స్వరం ఇంకా సన్నగా, ఇంకా దూరం నుంచి వస్తూనే ఉంది.