ఆలుగడ్డలో మూల

నా పరిశోధనంతా ఒక గది గురించి. గోడల దగ్గర వేడి ఎంతో తెలిస్తే, లోపల ప్రతి చోటా ఎంత ఉంటుందో చెప్పాలి. గోడలు నున్నగా వంపు తిరిగితే ఆ లెక్క పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. గోడ మూల గదిలోకి పొడుచుకొస్తేనే పేచీ. అక్కడ వేడి మామూలుగానే ఉంటుంది గానీ, చోటు నుంచి చోటుకి అది మారే వేగానికి హద్దు ఉండదు. జనగామలో పాఠాలు చెప్పుకుంటూ, మహబూబాబాద్ రైల్లో కాగితాలు దిద్దుకుంటూ ఏళ్ల తరబడి దీనిమీదే థీసిస్ రాశాను. దేనిమీద అని అడిగితే మూలల మీద అనేదాన్ని. మా అత్తమ్మ అది వాస్తు అనుకుని సంతోషించింది. నేనూ కాదనలేదు.

యూనివర్సిటీ గడువు ఇక పెంచనంది. ఈసారి తప్పితే ఆ చదువు పోయినట్టే. థీసిస్ ఇచ్చే ముందు ఒక ఆదివారం భూపాలపల్లి వెళ్లాను. నా గైడ్ దగ్గరే నాకంటే ముందు పరిశోధన చేసినాయన అక్కడ ఉంటాడు. నేను అన్నా అంటాను, ఆయన చెల్లె అంటాడు. మా గైడ్ పెట్టిన అలవాటు ఒకటుంది. రుజువు మొత్తం ఇంకొకరి ముందు బోర్డు మీద చెప్పాలి, వినేవాళ్లు వరుస వరుసకూ ఎందుకు అని అడగాలి. నాకు ఒళ్లు మండే అలవాటు అది.

అన్న వాళ్ల వరండాలో ట్యూషన్ బోర్డు ఉంది. దానిమీద ఎప్పటిలాగే ఒక ఆలుగడ్డ గీశాను. గణితం వాళ్లం ఏ ప్రదేశాన్నయినా అలాగే గీస్తాం. మా గైడ్ కూడా అలాగే గీసేవారు.

"గోడ మూలను జర నున్నగ చేసి, లెక్క కట్టి, మెల్లగ మల్ల మూలకు తెస్తం. వేడి మారే వేగానికి హద్దు చెప్పే స్థిరాంకం మారదు," అన్నాను.

"ఎందుకు మారదు చెల్లె?"

"ఎట్ల మారుతది అన్నా, చూడు," అని బొమ్మ చూపించాను.

"గిందుల మూల ఏది?" అన్నాడు.

నున్నటి ఆలుగడ్డకు మూలే లేదు. మూల బయటికి ఉంటే ఆ స్థిరాంకం నిజంగానే అదుపులో ఉంటుంది. లోపలికి ఉంటే, వంపు బిగుసుకున్న కొద్దీ అది హద్దు లేకుండా పెరిగిపోతుంది. నా ముఖ్య సిద్ధాంతమే కూలిపోయింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. వదిన చాయ్ తెచ్చి, "పిల్లను ఏమన్నవ్?" అని ఆయన మీద లేచింది.

"నేనేమన్న? ఎందుకని అడిగిన, గంతే."

ఏడుపు తగ్గాక కోపమొచ్చింది, అదీ ఆలుగడ్డ మీద. దాన్ని చెరిపేసి, లోపలి మూల కనపడేలా ఎల్ ఆకారంలో గది గీశాను. మూలను కళ్లెదుట పెట్టుకుని ఇద్దరం మళ్లీ మొదలుపెట్టాం. మూల నుంచి ఉన్న దూరాన్నే తూకంగా వేసి గుణించాం, దగ్గరవుతున్న కొద్దీ ఆ చోటి లెక్క తగ్గేలా. పెరిగేదాన్ని తగ్గేది పట్టి ఆపింది. స్థిరాంకం నిలబడింది.

ఇక భయమంతా పాత సిద్ధాంతం మీద కట్టిన తర్వాతి అధ్యాయాల గురించే. ఒక్కొక్కటే తిరగేశాం. ఆ సిద్ధాంతాన్ని వాడిన చోటల్లా మూలకు దూరంగానే వాడాను. అంత దూరంలో కొత్త తూకం ఏమీ తగ్గించదు కాబట్టి దేనికీ దెబ్బ తగల్లేదు.

"ఇగ ఊపిరి తీసుకో, బతికినవ్," అన్నాడు అన్న.

నిజంగానే బతికాను. వదిన పెట్టిన అన్నం కడుపునిండా తిని, వరంగల్ దాకా బస్సులో హాయిగా నిద్రపోయాను. సిద్ధాంతాన్ని సరిచేసి గడువులోపలే థీసిస్ ఇచ్చాను.

వైవా రోజు బయటి నుంచి పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన బోర్డు దగ్గరికి వెళ్లి, "మీ ప్రదేశం ఇలా ఉందనుకుందాం," అంటూ నిండైన ఆలుగడ్డ ఒకటి గీశారు. వెనక వరుసలో అన్న దగ్గాడు. నేను లేచి, క్షమించండి సార్ అని, ఒక పక్క చేత్తోనే తుడిచి లోపలికి ఒక మూల గీశాను.

ఆయన ఆ మూల మీద వేలు పెట్టారు. "మరి ఇక్కడ ఏమవుతుంది?" అన్నారు.

ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే బాగుండునని పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నాను.