ఖాళీ చేయని రీసైకిల్ బిన్

2024 ఆగస్టు 18, ఆదివారం, ఉదయం పదకొండున్నర గంటలకు, అశోక్‌నగర్‌లో మేము అద్దెకుంటున్న ఇంటి యజమాని నన్ను కిందికి పిలిపించి, తన కంప్యూటర్‌లో జాగా నిండిపోయిందని, కాస్త ఖాళీ చేసిపెట్టమని అడిగారు.

ఆ ముందటి బుధవారం సాయంత్రం ఆయన కొడుకు మా అన్న కుడిచేతిని ఇంటి ఇనుప గేటు సందులో పెట్టి గేటు మూశాడు. ఒక్కసారి కాదు. మా అన్న తాపీ మేస్త్రీ. నారాయణగూడలో పని ముగించుకుని వచ్చి, సిమెంటు నీళ్లు కారుతున్న సంచిని ఆ అబ్బాయి కొత్త బండి సీటుపై క్షణంసేపు ఆనించాడు. అంతకు మించిన కారణమేదీ లేదు. మేడమీద చదువుకుంటున్న నాకు గేటు చప్పుడు వినిపించింది. గొళ్లెం సరిగా పడక ఎవరో మళ్లీ మళ్లీ వేస్తున్నారనుకున్నాను. కిందికి దిగేసరికి అన్న మెట్ల మీద కూర్చుని, తన వేళ్లను మరెవరివో అన్నట్లు చూసుకుంటున్నాడు. మూడు వేళ్లు విరిగాయి. ఒక గోరు గొళ్లేనికే అంటుకుని ఉండిపోయింది.

మా అన్న పనిలో గోడ మీంచి పడ్డాడని ఆ అబ్బాయి పోలీస్ స్టేషన్‌లో చెప్పాడు. మేస్త్రీ వేళ్లు విరగడం ఎవరికీ వింతగా తోచలేదు. గేటు దగ్గర కెమెరా ఉంది కదా అని నేను అడిగితే, యజమాని నేలచూపులు చూస్తూ ఆ రోజు అది పనిచేయలేదన్నారు. సాక్ష్యం తెస్తే చూద్దామని పోలీసులు మమ్మల్ని పంపేశారు.

మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన మా కుటుంబంలో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. అన్న మోసిన ఇటుకలతోనే నా చదువు సాగింది. అందువల్ల ఆ ఇంట్లో ఎవరి ఫోన్ మొరాయించినా, ఎవరి దరఖాస్తు నింపాలన్నా నన్నే పిలవడం రివాజు. అయినా ఆ ఆదివారం నేను కిందికి వెళ్లడానికి లేవగానే అన్న కట్టు కట్టిన చేతిని పైకెత్తి చూపాడు.

"ఇది జూసి గూడ పోతవా?"

కెమెరాలు కలిపి ఉన్నది ఆ కంప్యూటర్‌కేనని చెప్పాను. అన్న చెయ్యి దించాడు.

"జర పైలం," అన్నాడు.

యజమాని కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. రిటైరయ్యారు, భార్య లేరు. ఆమె పోయాక గేటు కెమెరాకు తోడు హాల్లో ఇంకొకటి పెట్టించారు. ఇంటి లోపల కెమెరా ఎందుకో నాకు అప్పటికి తెలియదు.

"చాలా తీసేశానమ్మా. అయినా ఎర్రగీత తగ్గట్లేదు. జాగాలేక కెమెరాలు రెండూ ఆగిపోయాయి," అన్నారు.

కొత్తగా ఏదీ కొనవలసిన పని లేదని, ఖాళీ చేసే సాధనం కంప్యూటర్‌లోనే ఉంటుందని చెప్పి డిస్క్ క్లీనప్ తెరిచాను. తాత్కాలిక ఫైళ్లు, అప్‌డేట్ తరువాత మిగిలిపోయిన పాత సిస్టమ్, ఎన్నడూ అక్కరపడని మరికొన్ని. ఒక్కొక్కదానికి టిక్ పెట్టాను. తీసేసినవి వెళ్లి చేరే రీసైకిల్ బిన్‌కు మాత్రం పెట్టలేదు. చూడకుండా దానిని ఖాళీ చేయడం నాకు అలవాటు లేదు. ఆకుపచ్చ గీత నెమ్మదిగా నిండుతూ ఉండగా బిన్ తెరిచాను.

బుధవారం సాయంత్రపు వీడియో అందులో ఉంది. డిలీట్ కొట్టగానే పోయిందని ఆయన నమ్మారు. అది పోలేదు, పోనందువల్లే జాగా కూడా రాలేదు. ఆయన వారించేలోగా రీస్టోర్ చేసి తెరిచాను.

శబ్దం లేని వీడియో అది. యజమాని కొడుకు అన్న మణికట్టును పట్టి ఈడ్చడం, గేటు మూయడం, తెరవడం, మళ్లీ మూయడం. అన్న నోరు తెరిచి ఉంది. ఆ నోటిలోంచి రాని కేకను నేను చెవులారా విన్నట్లయింది. ఆ తరువాత యజమాని పరుగున వచ్చి అడ్డం పడ్డారు. కొడుకు ఆయన కాలరు పట్టుకుని తలను కరెంటు మీటరు పెట్టెకు కొట్టాడు. కింద పడ్డాక ఛాతీ మీద తన్నాడు.

నా వెనుక ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది.

"నేనున్న ముక్క కోసెయ్యలేవా అమ్మా? గేటు దాకా ఉంచి."

"కోస్తే మొత్తం అబద్ధమంటారు సార్."

"కన్నకొడుకు చేత తన్నులు తిన్నానని నలుగురూ చూడాలా?"

"మా అన్న చెయ్యిని రోజూ నలుగురూ చూస్తున్నరు సార్."

ఆయన ఛాతీ తడుముకున్నారు. చొక్కా పై గుండీ విప్పి ఉంది. మెడ ఎముక కింద మచ్చ నేరేడుపండు రంగులో కమిలి ఉంది. తుడిచేయమని గాని, ఉంచమని గాని ఆయన అనకముందే కొడుకు హెల్మెట్ చేతపట్టుకుని లోపలికి వచ్చాడు. తెరపై తన కాలు తండ్రి ఛాతీ మీద ఉండటం చూశాడు.

"దీన్నెందుకు పిలిచావ్ డాడీ?"

హెల్మెట్‌తో తెరను కొట్టాడు. అది పగిలి నల్లబడిన తరువాత కూడా ఆగలేదు. ఒక పెంకు నా మోచేతిలో దిగింది. యజమాని వెనుక నుంచి అతని నడుము పట్టుకున్నారు. కొడుకు ఆయనను గోడకేసి విసిరి, పడ్డాక అదే చోట, అదే మచ్చ మీద తన్నాడు. ఎముక చప్పుడైంది. నేను కీబోర్డు ఎత్తి నా బలమంతా పెట్టి అతని ముఖంపై కొట్టాను. మీటలు ఊడి నేలంతా చిందాయి. అతడు నా జుట్టు పట్టి తలను బల్ల అంచుకు మోదాడు. నోరంతా రక్తం నిండింది.

అన్న మెట్లు దిగి ఎలా వచ్చాడో తెలియదు. ఎడమచేతిలో తాపీ ఉంది. దాని మొన ఆ అబ్బాయి గొంతు మీద ఆనింది. గొంతు కదలడం, మొన దగ్గర రక్తపు బొట్టు ఊరడం చూశాను. ఒత్తితే అయిపోయేది. ఒత్తాలని నాకు కూడా అనిపించింది.

"వద్దు బాబూ," అన్నారు యజమాని నేల మీద నుంచి. ఊపిరి అందడం లేదు. "కింద ఉన్న పెట్టె తీసుకెళ్లండి."

కొడుకు పగలగొట్టింది తెరను. అసలు కంప్యూటర్ బల్ల కింద, దీపం మిణుకుమిణుకుమంటూ, మూలుగుతూ తన పని తాను చేసుకుపోతోంది. ఆ మాట విని అతడు బల్ల కిందికి చూశాడు. అప్పటికే అన్న అతణ్ణి పడదోసి కడుపు మీద మోకాలు పెట్టాడు. కేకలకు పక్కింటివాళ్లు వచ్చి అతణ్ణి పట్టుకున్నారు. నేను వైర్లు పీకి పెట్టెను ఒడిలోకి తీసుకున్నాను. వేడిగా ఉంది.

యజమానిని ఆసుపత్రికి పంపించి, ఆటోలో చిక్కడపల్లిలోని ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాము. నెట్ సెంటరతను నా ముఖం చూసి ఏమీ అడగకుండా తన మానిటర్‌కు దాన్ని కలిపాడు. ఎర్రగీత నీలంగా మారి ఉంది. బుధవారపు వీడియో రీస్టోర్ అయిన చోటే ఉంది. దాని కింద, ఆ ఆదివారం తేదీతో, మరొకటి కనిపించింది. జాగా దొరకగానే ఆగిన కెమెరాలు వాటంతటవే మొదలయ్యాయి. హాలు కెమెరా మొత్తం పట్టింది: హెల్మెట్, తన్ను, కీబోర్డు, బల్ల అంచు, అన్న తాపీ. నేను ఖాళీ చేసిన జాగాలోకి మొదట వచ్చి చేరింది మా రక్తమే.

తాపీ కనిపించే ముక్క కోసేద్దామా అని నెట్ సెంటరతను అడిగాడు. అన్న తల అడ్డంగా ఊపాడు.

"ఉన్నది ఉన్నట్టు ఇయ్యి," అన్నాడు.

రెండు వీడియోలనూ స్టేషన్‌లో ఇచ్చాము. ఆదివారం నాటిదానికి యజమాని ఆసుపత్రి మంచం మీద నుంచే ఫిర్యాదు రాసి సంతకం చేశారు. కొడుకు ఇప్పుడు ఆ ఇంట్లో ఉండటం లేదు. మేము బాగ్ లింగంపల్లికి మారాము. తాపీ పట్టినందుకు మా అన్న మీద కూడా కేసు ఉంది, వాయిదాలకు వెళ్తున్నాడు. కుడిచేతి మూడు వేళ్లు వంగవు. గోడలు ఎడమచేత్తో కడుతున్నాడు.